మా పాత సిటీ కారుకు గేర్‌బాక్స్ మార్పిడి: ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతికి ముందు

మా కారు 2010 నాటి హోండా సిటీ. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్, అయిదు గేర్ల ఆటోమేటిక్. దీనికి నేను రెండో యజమానిని. ఓడోమీటరు 1,46,000 కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది, బాడీకి తుప్పు లేదు, ఏసీ చక్కగా పనిచేస్తోంది. గేర్‌బాక్స్ మాత్రం కొంతకాలంగా మొరాయిస్తోంది. ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లీవర్‌ను పార్క్ నుంచి డ్రైవ్‌లోకి తెస్తే రెండు మూడు సెకన్ల దాకా కారు కదలదు, తర్వాత ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ వేగం ఉన్నట్టుండి పైకి ఎగసి, ఆ తర్వాతే గేరు పడుతుంది. వనస్థలిపురంలోని మా ఇంటి నుంచి విజయవాడ రహదారి ఎక్కి 65 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తుంటే, టోల్‌గేటు ముందు వేసే సన్నని పట్టీల మీద నడుస్తున్నట్టు కారంతా వణుకుతుంది. ఈ మూడు లక్షణాలూ ఒకే జబ్బువా, వేర్వేరు జబ్బులవా అన్నది తేలకుండా పానా పట్టకూడదని నిర్ణయించుకున్నాను.

ఈ గేర్‌బాక్స్ నిర్మాణం గురించి ముందే కొంత చెప్పాలి. చాలా ఆటోమేటిక్‌లలో మధ్యలో ఒక పళ్ళచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు ఉండే ప్లానెటరీ అమరిక ఉంటుంది. హోండా ఆ దారిన వెళ్ళకుండా, మాన్యువల్ గేర్‌బాక్సులో లాగానే సమాంతరమైన షాఫ్టుల మీద జంటజంటలుగా గేర్లను అమర్చి, ప్రతి గేరుకూ ఆయిల్ ఒత్తిడితో బిగిసే ఒక క్లచ్ ప్యాక్ (ఒకదానికొకటి ఆనే పలకల కట్ట) పెట్టింది. మూడో గేరు జారుతోందంటే మూడో క్లచ్‌ను, దానికి ఆయిల్ అందించే దారిని నేరుగా అనుమానించవచ్చు. రోగనిర్ణయానికి ఇంత అనుకూలమైన అమరిక నాకు తెలిసి మరొకటి లేదు.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి. పి0733 అంటే మూడో గేరు నిష్పత్తి సరిపోవడం లేదని, పి0741 అంటే టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) లాకప్ క్లచ్ (నిలకడ వేగంలో ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో నేరుగా కలిపేది) సరిగా పట్టడం లేదని అర్థం. వణుకు ఎక్కడిదో రెండో కోడ్ చెప్పింది, ఎగసిపడే ఇంజిన్ వేగం ఎక్కడిదో మొదటిది చెప్పింది. అయితే కోడ్ ఫలానా చోట చూడమంటుందే తప్ప ఫలానా భాగం పోయిందని చెప్పదు. సోలెనాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే విద్యుత్ కవాటం) అంటుకుపోయినా, వైరు తెగినా, క్లచ్ అరిగినా అదే కోడ్ రావచ్చు.

సంక్రాంతి సెలవుల్లో

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పదవీ విరమణ చేసిన మా బాబాయి పండుగకు వచ్చారు. నేను స్కానర్ చూపించబోతే ఆయన డిప్‌స్టిక్ అడిగారు. ఈ గేర్‌బాక్సులో ఆయిల్ మట్టం చూడటానికి ఒక పద్ధతి ఉంది: ఇంజిన్ బాగా వేడెక్కాక సమతలం మీద ఆపి, ఆపిన తర్వాత 60 నుంచి 90 సెకన్ల లోపు కొలవాలి. మట్టం సరిగ్గానే ఉంది, కానీ ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లగా మారి మాడు వాసన కొడుతోంది. బాబాయి దానిని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశారు. “ఇది ఆయిల్ కాదురా, క్లచ్ పొడి కలిపిన కషాయం. కొత్త ఆయిల్ పోస్తే బాగుపడే దశ దాటిపోయింది,” అన్నారు.

అయినా నిర్ధారణ కోసం స్టాల్ పరీక్ష చేశాం. నాలుగు చక్రాలకూ చెక్క దిమ్మెలు అడ్డుపెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి, డ్రైవ్‌లో యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కి ఇంజిన్ ఎంత వేగం దగ్గర ఆగుతుందో చూడటమే ఈ పరీక్ష. కొన్ని సెకన్లకు మించి నొక్కి ఉంచకూడదు. ఒక్కో కొలతకూ మధ్య న్యూట్రల్‌లో రెండు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. చక్రాలు ఆగి ఉండగా ఇంజిన్ శక్తంతా కన్వర్టర్‌లోని ఆయిల్‌ను కాచడానికే పోతుంది గనుక ఇందులో తొందరపాటు పనికిరాదు. మా కారులో వేగం సర్వీస్ మాన్యువల్ చెప్పిన పరిధి దాటి పైకి పోయింది. అంటే లోపల క్లచ్ జారుతోంది. వేగం పరిధికంటే తక్కువగా ఆగి ఉంటే ఇంజిన్ బలహీనతనో, కన్వర్టర్‌లో ఆయిల్ ప్రవాహాన్ని మళ్ళించే స్టేటర్ చక్రపు ఒన్‌వే క్లచ్‌నో అనుమానించవలసి వచ్చేది.

తర్వాత ప్రెషర్ గేజీ పెట్టాం. ఈ గేర్‌బాక్స్ కేసు మీద ఒక్కో క్లచ్ ఒత్తిడిని విడివిడిగా కొలిచే పోర్టులు ఉండటం గొప్ప వెసులుబాటు. పంపు నుంచి వచ్చే ప్రధాన ఒత్తిడి సరిగ్గా ఉంది, మూడో క్లచ్ దగ్గర మాత్రం బాగా పడిపోతోంది. పంపు బాగుంది, మూడో క్లచ్ దారిలో ఆయిల్ కారిపోతోంది, లాకప్ అరిగింది అనే నిర్ణయానికి వచ్చాం.

జనవరి చివర

పాత బిల్లుల ఫైలు తిరగేస్తే అసలు కారణానికి ఆధారం దొరికింది. ఈ గేర్‌బాక్సుకు హోండా మొదట్లో జడ్-1 అనే ఆయిల్‌ను నిర్దేశించింది. తర్వాత దాని స్థానంలో డీడబ్ల్యు-1 తెచ్చింది. పాత యజమాని కాలంలో ఒక వర్క్‌షాపు ఇచ్చిన బిల్లులో మాత్రం డెక్స్రాన్-3 అని స్పష్టంగా రాసి ఉంది. ఆ తర్వాత ఆయిల్ మార్చిన దాఖలా ఏదీ లేదు. ఆటోమేటిక్ ఆయిల్ ఒత్తిడిని మోస్తుంది, వేడిని తీసుకుపోతుంది, క్లచ్ పలకలు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టాలో కూడా అదే నిర్ణయిస్తుంది. ఘర్షణ స్వభావం తేడాగా ఉన్న ఆయిల్ పోస్తే లాకప్ క్లచ్ పట్టీపట్టనట్టు వణకడం సహజం. పైగా ఆయిల్ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగం అవుతుందన్న లెక్కను, మే నెల ఎండలో ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆగుతూ కదులుతూ సాగే ప్రయాణానికి అన్వయించి చూస్తే ఆశ్చర్యపడటానికి ఏమీ మిగలదు. ఇందులో గేర్‌బాక్స్ డిజైన్ తప్పు నాకు కనబడలేదు.

ఈ ఏడాదితో కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ళు నిండుతాయి. ఫిట్‌నెస్ తనిఖీ దాటితే మరో అయిదేళ్ళకు పొడిగిస్తారు. అంత ఖర్చు పెట్టడం తగునా అని ఇంట్లో చర్చ జరిగింది. బలమైన ఇంజిన్, తుప్పు పట్టని బాడీ ఉన్న బండిని ఒక్క భాగం కోసం తుక్కుకు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి కానీ గేర్‌బాక్స్ నంబరు ఉండదు గనుక, ఇంజిన్ మార్చినప్పుడు కావలసిన రవాణా శాఖ అనుమతుల తతంగం కూడా దీనికి లేదు.

ఫిబ్రవరి మొదట్లో

పాతదాన్నే ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) చేయించాలా, వాడిన గేర్‌బాక్స్ తెచ్చి ఎక్కించాలా అన్నది పెద్ద ప్రశ్న. ఓవర్‌హాల్ అంటే క్లచ్ పలకలు, సీళ్ళు మార్చడంతో అయిపోదు. కన్వర్టర్‌ను కోసి, లోపలి లాకప్ పట్టీ మార్చి, మళ్ళీ వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ చూడాలి. ఆ పనిని నమ్మకంగా చేసే చోటు నాకు దొరకలేదు. అందుకే ప్రమాదంలో దెబ్బతిని తుక్కుకు వచ్చిన బండి నుంచి తీసిన గేర్‌బాక్స్‌ను కన్వర్టర్‌తో సహా కొనడానికి మొగ్గు చూపాను.

హైదరాబాద్‌లో ఈ వెతుకులాటకు పుత్లీబౌలి, ఆటోనగర్ రెండూ తిరగాల్సిందే. సిటీ పేరు ఉన్నంత మాత్రాన ఏ గేర్‌బాక్స్ పడితే అది సరిపోదు. అంతకుముందు తరం సిటీలోనూ, 2014లో వచ్చిన తరంలోనూ పెట్రోల్ ఆటోమేటిక్ అంటే బెల్టుతో నడిచే సీవీటీ. అయిదు గేర్లది మధ్య తరానికే పరిమితం. చాలా దుకాణాల్లో ముందుగా చూపించినవి సీవీటీలే. చివరికి ఆటోనగర్‌లో కేసు మీది కోడ్ మా దానితో అక్షరం తేడా లేకుండా కలిసేది ఒకటి దొరికింది. దుకాణం భాయి డ్రెయిన్ బోల్టు విప్పి చూపించాడు. “జూడున్రి సార్, ఆయిల్ ఇంకా ఎర్రగనే ఉన్నది. బండి వెనకనుంచి గుద్దుడుల వచ్చింది, ముందర ఏం గాలేదు,” అన్నాడు.

మాట మీద కొనకుండా చూడగలిగినవన్నీ చూశాను. డ్రెయిన్ బోల్టుకు ఉండే అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తని పేస్టు ఉంటే అది సహజమైన అరుగుదల. రేకుల్లాంటి ముక్కలు ఉంటే ఎంత చవకైనా వదిలేయాలి. పేస్టే ఉంది. ఆయిల్‌లో పాలలాంటి తెలుపు లేదు, అంటే నీళ్ళు చేరలేదు. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు ఆనే గంట ఆకారపు భాగం) చుట్టూ, మౌంటింగ్ చెవుల దగ్గర పగుళ్ళు లేవు. మల్టీమీటరుతో షిఫ్ట్ సోలెనాయిడ్‌లు ఒక్కొక్కటి కొలిస్తే అన్నీ 12 నుంచి 25 ఓమ్‌ల మధ్య, లీనియర్ సోలెనాయిడ్‌లు 3 నుంచి 10 ఓమ్‌ల మధ్య ఉన్నాయి. అవే సరైన హద్దులు. భాయి 55,000 చెప్పాడు, 42,000కు కుదిరింది. బిగించి కారు కదిలిన రోజు నుంచి నడిపి చూసేందుకు పదిహేను రోజుల గడువును బిల్లు మీద రాయించుకున్నాను.

అక్కడి నుంచి రాణీగంజ్ వెళ్ళి టార్క్ రెంచ్ (బోల్టును కొలత ప్రకారం బిగించే పానా), యాక్సిల్ సీళ్ళు, కన్వర్టర్ సీలు తెచ్చాను. మెయిన్‌షాఫ్ట్ ఓ-రింగ్, డ్రెయిన్ వాషర్లు, యాక్సిల్ చివర పడే సర్‌క్లిప్పులు, కొత్త హబ్ నట్లు కంపెనీవే తెప్పించాను. గేర్‌బాక్స్ కిందికి దిగి ఉన్నప్పుడు పది నిమిషాల్లో మారే సీలును, తర్వాత కారుతోందని మార్చాలంటే మళ్ళీ అంతా దింపాలి.

శివరాత్రికి ముందు వారాంతం

దింపే పనికి బాబాయి, మా బావమరిది తోడు వచ్చారు. బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేశాక పైన చోటు వచ్చింది. ప్రతి కనెక్టరుకూ రంగు టేపు చుట్టి ఫోటో తీశాను. ఇంజిన్‌ను పైనుంచి సపోర్ట్ బార్‌కు గొలుసుతో వేలాడదీశాం. గేర్‌బాక్స్ మౌంట్ విప్పగానే ఇంజిన్ ఆ వైపుకు ఒరిగిపోతుంది కాబట్టి ఇది తప్పనిసరి. స్టీరింగ్‌ను నిటారుగా ఉంచి సీటు బెల్టుతో కట్టేశాం. కాలమ్ జాయింటు విడిపోయాక స్టీరింగ్ చక్రం గిర్రున తిరిగితే దాని కింద ఉండే ఎయిర్‌బ్యాగ్ కేబుల్ తెగుతుంది. సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింద ఉండే ఉక్కు చట్రం) కూర్చున్న చోట నాలుగు వైపులా పెయింటుతో గీతలు పెట్టి దింపాం. ఆ గీతలు లేకపోతే తిరిగి బిగించినప్పుడు చక్రాల అలైన్‌మెంట్ తప్పుతుంది.

కన్వర్టర్‌ను ఇంజిన్ వైపు డ్రైవ్ ప్లేటుకు పట్టి ఉంచేవి ఎనిమిది చిన్న బోల్టులు. కింద ఉన్న చిన్న మూత తీసి, క్రాంక్ పుల్లీని పానాతో కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక్కొక్కటీ ఆ కంతలోకి తెచ్చుకుని విప్పాలి. ఇవి విప్పకుండా గేర్‌బాక్స్‌ను వెనక్కి లాగితే కన్వర్టర్ ఇంజిన్‌కే అతుక్కుని ఉండి, లోపలి ఆయిలంతా నేల మీద పోస్తుంది. ఆటోనగర్‌లో అద్దెకు తెచ్చిన ట్రాన్స్‌మిషన్ జాక్ మీదికి సుమారు 70 కిలోల బరువును దింపడం చెప్పినంత తేలిక కాదు. స్టాండ్ల మీద నిలబెట్టిన కారు కింద ఆ బరువు ఒరిగితే మనిషి ఆపలేడు. కాబట్టి జాక్‌కు దానిని బెల్టుతో బిగించాకే చివరి బోల్టు విప్పాం.

దించిన ఆయిల్‌ను డబ్బాల్లో మూత బిగించి, వాడిన ఆయిల్ కొనే వాళ్ళకు ఇవ్వడానికి పక్కన పెట్టాను. మన కాలనీల మురుగు చివరికి మూసీలో కలుస్తుంది, దానికి ఇది కూడా తోడవకూడదు.

తర్వాతి వారం: పాతదాన్ని విప్పి చూడటం

పాత గేర్‌బాక్స్ ఎందుకు పోయిందో కళ్ళతో చూడకుండా వేరేదానిని ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం. అదే కారణం కారులో మిగిలి ఉంటే ఇదీ అదే దారిన పోతుంది. బల్ల మీద పెట్టి విప్పాం. మూడో క్లచ్ ప్యాక్‌లో ఘర్షణ పదార్థం కొన్ని పలకల మీద పూర్తిగా ఊడిపోయి ఉక్కు బయటపడింది, మధ్యలోని స్టీలు పలకలు నీలం తిరిగాయి. నీలం అంటే ఒకప్పుడు విపరీతంగా కాలిన గుర్తు. పిస్టన్ రబ్బరు సీలు గట్టిపడి, గోటితో నొక్కితే వంగకుండా విరిగింది. గేజీ మీద ఒత్తిడి పడిపోవడానికి కారణం ఇదే. మిగతా క్లచ్‌లు ఇంకా నిలబడేలా ఉన్నాయి, గేర్ల పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది అడుగున కనిపించింది. ఈ గేర్‌బాక్సులో ఆయిల్ పంపుకు ముందు ఉండే జల్లెడ లోపల బిగించి ఉంటుంది. కేసు విడదీస్తే తప్ప చేతికి రాదు. ఆ జల్లెడ మీద నల్లని పొడి మందంగా పేరుకుంది. సోలెనాయిడ్‌ల దగ్గరి సన్నని జాలీల మీద కూడా అదే పొడి ఉంది. ఇదంతా ఆయిల్‌తో పాటు కూలర్‌లోకి, గొట్టాల్లోకి కూడా వెళ్ళి ఉంటుందనడంలో సందేహం లేదు. తెచ్చిన గేర్‌బాక్స్ ఎంత శుభ్రంగా ఉన్నా, కూలర్‌లో దాగిన ఈ పొడి మొదటి గంటలోనే దాని సోలెనాయిడ్‌ల దాకా చేరుతుంది. గేర్‌బాక్స్ మార్చాక కొద్ది నెలలకే మళ్ళీ పోయిందని చెప్పుకునే చాలా సంఘటనల వెనుక ఈ ఒక్క నిర్లక్ష్యమే ఉంటుందని నేను నమ్ముతున్నాను.

అందుకని కూలర్‌ను, రెండు గొట్టాలను ఫ్లషింగ్ ద్రవంతో మొదట ఆయిల్ తిరిగే దిశకు వ్యతిరేకంగా, తర్వాత సరైన దిశలో, బయటికి వచ్చే ద్రవం తెల్లగుడ్డ మీద మరక వేయనంత వరకు కడిగాను. మొదట వచ్చింది కాటుకలా ఉంది. చివరగా గాలి పట్టి ద్రవమంతా వెళ్ళగొట్టాను. రబ్బరు గొట్టాలు రెండింటినీ పారేసి కొత్తవి వేశాను.

మార్చి మొదట్లో: ఎక్కించడం

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం కేటాయించినది కన్వర్టర్‌ను కూర్చోబెట్టడానికి. కన్వర్టర్ మెడ లోపల మూడు చోట్ల పట్టు కుదరాలి: మెయిన్‌షాఫ్ట్, స్టేటర్ షాఫ్ట్, ఆయిల్ పంపును తిప్పే గేరు. కన్వర్టర్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి నెడితే ఒక్కో మెట్టు దగ్గర చిన్నగా కిందికి జారుతుంది. రెండు మెట్లు జారగానే పూర్తిగా కూర్చుందనిపిస్తుంది, కానీ పంపు గేరు ఇంకా పట్టి ఉండదు. ఆ స్థితిలో బెల్ హౌసింగ్ బోల్టులు బిగిస్తే ఇంజిన్ కన్వర్టర్‌ను పంపు మీదికి నొక్కి, స్టార్ట్ చేయకముందే పంపును పగలగొడుతుంది. హౌసింగ్ అంచు మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కన్వర్టర్ ముఖం ఎంత లోతులో ఉందో పాతదానితో పోల్చి, రెండు కొలతలూ కలిశాకే ముందుకు సాగాం.

గేర్‌బాక్స్ ఇంజిన్‌కు చేతితోనే పూర్తిగా ఆనాలి. బోల్టులతో లాగి ఆనించాల్సి వస్తే ఎక్కడో ఏదో అడ్డుపడుతోందని అర్థం. రెండిటినీ సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు వాటి రంధ్రాల్లోకి దిగి, చుట్టూ సందు లేకుండా ఆనాక, హౌసింగ్ బోల్టులను 64 న్యూటన్ మీటర్లకు, కన్వర్టర్ బోల్టులను ఎదురెదురుగా రెండు దఫాల్లో 12 న్యూటన్ మీటర్లకు బిగించాం. కన్వర్టర్ బోల్టులు పెట్టేముందు దానిని చేతితో తిప్పి చూశాను. డ్రైవ్ ప్లేటుకు తగలకుండా స్వేచ్ఛగా తిరిగింది, అప్పుడే నాకు నిశ్చింత కలిగింది. మిగతాదంతా విప్పిన వరుసకు తిరుగు వరుస: యాక్సిళ్ళు టక్కుమనే దాకా లోపలికి, సబ్‌ఫ్రేమ్ పెయింటు గీతల మీదికి, కొత్త హబ్ నట్లు బిగించి వాటి అంచును గాడిలోకి నొక్కడం, గేర్‌బాక్స్ ఎర్త్ వైరును కేసు మీద గీకి శుభ్రం చేసిన చోట బిగించడం. ఎర్త్ సరిగా లేకపోతే సోలెనాయిడ్ కోడ్‌లు వచ్చి, బాగున్న గేర్‌బాక్స్‌ను అనుమానించే పరిస్థితి వస్తుంది.

ఉగాదికి ముందు

డీడబ్ల్యు-1 పోసి, చక్రాలు గాలిలో ఉండగానే స్టార్ట్ చేసి, లీవర్‌ను ఒక్కో స్థానంలో కొన్ని సెకన్లు ఉంచుతూ అన్నిటిలోకీ తిప్పాం. ఖాళీగా ఉన్న కన్వర్టర్, కూలర్ ఆయిల్‌ను తాగేస్తాయి కాబట్టి మట్టం చూసి మళ్ళీ పోయాల్సి వచ్చింది. బ్యాటరీ తీసినందువల్ల ఇంజిన్ కంప్యూటర్‌కు ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజిన్ వేగం) తిరిగి నేర్పాలి: ఏసీ, లైట్లు ఆపి, నిమిషానికి 3,000 చుట్ల వేగంలో రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా నడిపి, తర్వాత అయిదు నిమిషాలు ఐడిల్‌లో వదిలేయాలి. స్కానర్‌తో పాత కోడ్‌లను చెరిపాను. మీటర్ల దగ్గర డ్రైవ్‌ను సూచించే డి లైటు మిణకకుండా నిలకడగా వెలిగింది. కిందికి దించి కాలనీ వీధిలో తిప్పితే లీవర్ మార్చిన వెంటనే గేరు పడింది.

తెచ్చిన గేర్‌బాక్సులో ఇంతకుముందు ఏ ఆయిల్ ఉండేదో తెలియదు కాబట్టి మరో జాగ్రత్త తీసుకున్నాను. డ్రెయిన్ బోల్టు విప్పితే ఒక్కసారికి సుమారు రెండున్నర లీటర్లే వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లో, క్లచ్‌లలో ఉండిపోతుంది. మధ్యమధ్య కారు నడిపి మూడు దఫాలు దించి పోస్తే పాత ఆయిల్ వాటా దాదాపు అయిదో వంతుకు తగ్గుతుంది. ప్రతిసారీ కొత్త వాషరు వేసి, బోల్టును 49 న్యూటన్ మీటర్లకు బిగించాను. అయస్కాంతం మీద పేస్టు ప్రతి దఫాకూ పలచబడింది.

ఏప్రిల్

బిల్లు మీద రాయించుకున్న గడువు ముగిసేలోపే కఠినమైన పరీక్షలన్నీ పెట్టాను. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో ఆపి కదిలించడం, అదే ఎత్తు మీద రివర్స్‌లో ఎక్కించడం, మధ్యాహ్నం ఎండలో దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో ఏసీతో నడపడం, అవుటర్ రింగ్ రోడ్డు మీద వంద దగ్గర నిలకడగా చాలాదూరం వెళ్ళడం. రెండు నుంచి మూడుకు మారడం ఇప్పుడు చెవికి మాత్రమే తెలుస్తోంది. 65 దగ్గర వణుకు లేదు, లాకప్ పడగానే టాకోమీటరు ముల్లు కొద్దిగా దిగి అక్కడే నిలుస్తోంది. స్టాల్ పరీక్ష మళ్ళీ చేస్తే వేగం మాన్యువల్ పరిధిలోకి వచ్చింది. స్కానర్‌లో కోడ్ ఒక్కటీ లేదు. యాక్సిల్ సీళ్ళ దగ్గర తడి లేదు.

మిగిలిన లోపం ఒక్కటే. డ్రైవ్‌లో పెట్టి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో సన్నని అదురు తెలుస్తోంది. న్యూట్రల్‌లోకి తెస్తే తగ్గుతోంది. గేర్‌బాక్స్ వైపు మౌంట్ రబ్బరు బాగుంది కానీ ఇంజిన్ వైపు మౌంట్‌లో ద్రవం కారిన మరక ఉంది. కొత్త మౌంట్‌కు ఆర్డరు ఇచ్చాను. అది వచ్చాక బిగించి, అలైన్‌మెంట్ చూపించి, ఆ తర్వాత ఫిట్‌నెస్ తనిఖీకి స్లాట్ తీసుకుంటాను.